కొత్త బోరు వేయించే ముందు ఒక బకెట్, ఒక తాడు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. చౌటుప్పల్ దగ్గర అమ్మానాన్నలు ఉంటున్న ఇల్లు. 2011లో వేసిన ఆరున్నర ఇంచుల బోరు, లోతు 420 అడుగులు. ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు 320 అడుగుల్లో ఉంది. రెండేళ్ల క్రితం వరకు 40 నిమిషాల్లో నిండే వెయ్యి లీటర్ల ట్యాంకు ఇప్పుడు రెండు గంటలు వేసినా నిండట్లేదు. బోరు బండి అతను వచ్చి చూసి, "ఇది అయిపోయింది, పక్కన వెయ్యి అడుగులు వేద్దాం" అన్నాడు. మీరు బెంగళూరులో ఉన్నారు, నాన్నగారు అక్కడ టెన్షన్ పడుతున్నారు.

ముందు నాన్నగారికి ఫోన్ చేసి అడ్వాన్స్ ఇవ్వొద్దని చెప్పండి. నేను 26 ఏళ్లుగా మోటార్లు దించడం, తీయడం, బోర్లు ఫ్లషింగ్ (గాలి ఒత్తిడితో లోపలి బురద బయటికి నెట్టడం) చేయించడం ఇదే పని మీద ఉన్నాను. ట్యాంకు నిండట్లేదు అంటే బోరులో నీళ్లు తగ్గాయనే అర్థం కాదు. నీళ్లు ఉన్నా పైకి రాకపోవచ్చు. ఈ రెండింట్లో ఏది జరిగిందో తేలకుండా కొత్త బోరు వేయించడం అంటే రోగం తెలియకుండా ఆపరేషన్ చేయించుకోవడమే.

మా కాలనీలోనే ఒక పెద్దావిడ ఇంట్లో ఇలాగే జరిగింది. నీళ్లు సన్నగా వస్తున్నాయని ఎవరో చెప్తే 900 అడుగుల కొత్త బోరు వేయించుకుంది. చివరిదాకా దుమ్మే లేచింది తప్ప తడి తగల్లేదు. తర్వాత నన్ను పిలిచారు. పాత బోరు మోటారు తీస్తే, మూడో పైపు కప్లింగ్ (రెండు పైపులను కలిపే ముక్క) దగ్గర బొటనవేలు పట్టేంత చీలిక ఉంది. మోటారు ఎత్తిన నీళ్లలో సగానికి పైగా అక్కడి నుంచే తిరిగి బోరులో పడుతున్నాయి. కప్లింగ్ మార్చి మోటారు దించితే అదే రోజు సాయంత్రం ట్యాంకు నిండింది. ఆవిడ దాచుకున్న డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మీ ప్రశ్న చూడగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీ ప్రశ్నలో ఒక్క సంగతి లేదు, అసలు అదే కావాలి. మోటారు వేయగానే మొదటి నిమిషం నుంచే నీళ్లు సన్నగా వస్తున్నాయా, లేక మొదట బాగా పోసి పది, ఇరవై నిమిషాల తర్వాత సన్నబడుతున్నాయా? మొదటి నిమిషం నుంచే సన్నగా ఉంటే నా అనుమానం మోటారు మీద, పైపు మీద, కరెంటు మీద. బాగా పోసి తర్వాత బుస్సు బుస్సుమని గాలితో కలిసి వస్తుంటే బోరు ఊట తగ్గిందని లెక్క. నూటికి నూరు పాళ్లు ఇలాగే ఉంటుందని అనను. కానీ నేను ఏ ఇంటికి వెళ్లినా ముందు అడిగేది ఇదే.

దీన్ని చూడటానికి 20 లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. నీళ్లు పట్టేది ట్యాంకు దగ్గర కాదు, బోరు మూతి దగ్గర. అక్కడ పైపులను కలిపే యూనియన్ గానీ, 'టీ' ఆకారపు జాయింటు గానీ ఉంటే విప్పించండి. రాత్రంతా మోటారు వేయకుండా ఉంచి, పొద్దున్నే వేసి, మొదటి నిమిషంలో ఒక బకెట్, పది నిమిషాలకు ఒకటి, అరగంటకు ఒకటి, గంటకు ఒకటి పట్టాలి. బకెట్ నిండటానికి పట్టిన సెకన్లు కాగితం మీద రాయాలి. 20 సెకన్లలో నిండితే నిమిషానికి 60 లీటర్లు, 48 సెకన్లయితే 25 లీటర్లు. మీకు ఇదివరకు 40 నిమిషాల్లో వెయ్యి లీటర్లు నిండేది కాబట్టి ఆ లెక్క 25. ఇప్పుడు ఎనిమిదో, అంతకన్నా తక్కువో వస్తున్నాయి.

ఈ పని చేస్తున్నప్పుడే కొన్ని ఇళ్లల్లో సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది. బోరు మూతి దగ్గర ధారాళంగా పోస్తూ, ట్యాంకులోకి మాత్రం చుక్కలుగా వస్తుంటే, తప్పు మధ్యలో పైపుది. గేటు వాల్వు లోపలి బిళ్ల ఊడి అడ్డం పడి ఉంటుంది, లేదా పాత జీఐ పైపులో సున్నం పేరుకుని దారి వేలు పట్టేంత మిగిలి ఉంటుంది. మీ వైపు నీళ్లకు ఇది మామూలే.

ఇక తాడు. బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో ఊహించకండి, కొలవండి. సన్నటి నైలాన్ తాడుకు పది అడుగులకో ముడి వేసి, చివర నున్నటి చిన్న బరువు కట్టి, కేసింగ్ (బోరు పైభాగంలో దింపిన పైపు) మూతలో ఉన్న రంధ్రం నుంచి మెల్లగా వదలాలి. నీటిని తాకగానే 'టప్' మని సన్నగా వినిపిస్తుంది, తాడు చేతిలో కొంచెం వదులవుతుంది. పైకి లాగాక తడి ఎక్కడి నుంచి మొదలైందో చూస్తే సరి. కొక్కెంలాంటి బరువు కట్టొద్దు, లోపల కేబుల్‌కు, పైపుకు చిక్కుకుంటే తాడుతో పాటు తలనొప్పి వస్తుంది. నాన్నగారికి ఒంటరిగా వద్దు, పక్కన ఒక మనిషి ఉండాలి. కొలిచేటప్పుడు మెయిన్ ఆపేయాలి. అయిపోగానే మూత బిగించాలి, తెరిచిన బోరును ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

మోటారు పైకి తీయించే రోజు వస్తే ఒక పని తప్పకుండా చేయించండి. తిరిగి దించేటప్పుడు ముప్పావు ఇంచు పీవీసీ పైపు ఒకటి మోటారు పక్కనుంచి కిందిదాకా కట్టించండి. ఆ తర్వాత ఎప్పుడు కొలవాలన్నా అందులోంచి తాడు వదలొచ్చు, చిక్కుకునే భయం ఉండదు. ఖర్చు కూడా పెద్దగా కాదు.

కొలతలు నాలుగు కావాలి. పొద్దున మోటారు వేయకముందు నీటి మట్టం ఒకటి. మిగతా మూడూ గంటసేపు వేసి ఆపాక: ఆపగానే ఒకటి, పావుగంటకు ఒకటి, గంటకు ఒకటి. చివరి మూడు కొలతలే మీ బోరు జాతకం చెప్తాయి. ఎలాగంటే, ఆరున్నర ఇంచుల బోరులో ఒక అడుగు ఎత్తుకు ఆరున్నర లీటర్ల నీళ్లు పడతాయి. మోటారు ఆపాక పావుగంటలో మట్టం 30 అడుగులు పైకి వచ్చిందనుకోండి, 30 ఇంటూ ఆరున్నర, అంటే సుమారు 195 లీటర్లు ఊరాయి. నిమిషానికి 13 లీటర్లు. అది మీ బోరు అసలు ఊట. మట్టం పైకి వస్తున్న కొద్దీ ఊట నెమ్మదిస్తుంది, అది సహజం.

ఇదే లెక్క ఇంకో భ్రమను కూడా తీరుస్తుంది. పొద్దున నీటి మట్టం 140 అడుగుల్లో ఉండి మోటారు 320లో ఉంటే, ఆ మధ్య 180 అడుగుల్లో వెయ్యి లీటర్ల పైనే నిల్వ ఉంటుంది. కాబట్టి రాత్రంతా ఊరిన బోరు మొదటి ట్యాంకును ఎలాగైనా నింపుతుంది. "పొద్దున బాగానే వస్తున్నాయండీ, సాయంత్రమే రావట్లేదు" అనేవాళ్ల బోరులో జరిగేది ఇదే. మొదటి ట్యాంకు నిల్వ, రెండో ట్యాంకు ఊట. మీకు మొదటి ట్యాంకే నిండట్లేదు. నీటి మట్టం 140, 150 దగ్గరే ఉండి కూడా ట్యాంకు నిండట్లేదంటే దోషం బోరుది కాదు, మోటారు సెట్‌ది. మట్టమే 290లో ఉంటే అప్పుడు మాట వేరు.

నీళ్లు ఉండి కూడా రావట్లేదని తేలిందనుకుందాం. మోటారు తీయకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టార్టర్ ప్యానెల్ మీద వోల్టు మీటరు, ఆంపియర్ మీటరు ఉంటాయి. మోటారు నడుస్తున్నప్పుడు రెండూ ఫోటో తీసి పంపమనండి. సింగిల్ ఫేజ్‌కు 230 వోల్టులు ఉండాలి. 180 దగ్గర ఆడుతుంటే మోటారు వేగమే పడిపోతుంది, నీళ్లు తగ్గుతాయి, వైండింగ్ కూడా వేడెక్కుతుంది. రన్ కెపాసిటర్ బలహీనపడినా మోటారు ఈసురోమని నడుస్తుంది. కెపాసిటర్ మార్చడం అన్నిటికన్నా చౌకైన మరమ్మతు, ముందు అది చూడాలి. ఆంపియర్లు మోటారు ప్లేటు మీద రాసిన అంకెకు దగ్గరగానే ఉండి నీళ్లు మాత్రం తక్కువ వస్తుంటే, పైపులో ఎక్కడో కారుతోందని నా మొదటి అనుమానం. పంపు పని చేస్తోంది, నీళ్లు ఎత్తుతోంది, అవి దారిలో పోతున్నాయి. ఆంపియర్లు బాగా తగ్గిపోయి ఉంటే పంపుకు నీళ్లు అందట్లేదు, లేదా ఇంపెల్లర్లు (పంపు లోపల తిరుగుతూ నీళ్లను పైకి నెట్టే చక్రాలు) అరిగాయి, లేదా పంపు నీళ్లు పీల్చే చోట ఉండే జల్లెడ లాంటి జాలి మూసుకుపోయింది. ఎక్కువ చూపిస్తుంటే లోపల ఎక్కడో బిగుసుకుంటోంది.

ఇది చదివే వాళ్లలో త్రీ ఫేజ్ మోటారు ఉన్నవాళ్లకు ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గానీ మీటరు దగ్గర గానీ పని జరిగిన మర్నాటి నుంచి నీళ్లు తగ్గితే, రెండు ఫేజులు అటూ ఇటూ మారి మోటారు తిరగబడి తిరుగుతోందేమో చూడండి. తిరగబడి తిరిగినా కొన్ని నీళ్లు వస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రెండు వైర్లు మారిస్తే పోయేదానికి మోటారు మొత్తం పైకి తీసినవాళ్లను చూశాను.

పైపు కారుతోందా లేదా అన్నది చెవితో తెలుసుకోవచ్చు. ఇక్కడ కొంచెం నిదానంగా వినాలి. మోటారు నడుస్తుండగా కేసింగ్ మూతికి చెవి ఆనించి వింటే, లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వస్తుంది. దాన్ని బట్టే పైపు పగిలిందని తేల్చేయకూడదు. బోరు గోడలో పైనున్న రాతి పగుళ్ల నుంచి ఊరే నీళ్లు కింద మట్టం మీద పడినా అదే చప్పుడు. తేడా ఎలా తెలుస్తుందంటే, మోటారు ఆపి అలాగే వింటూ ఉండండి. పైపులో నిలిచిన నీళ్లు ఖాళీ అయ్యేదాకా పడి, ఆ తర్వాత చప్పుడు ఆగిపోతే అది పైపు కారడం. ఆపిన తర్వాత కూడా చాలాసేపు సన్నగా పడుతూనే ఉంటే అది ఊట. ఇంకో గుర్తు ఉంది. మోటారు ఆపిన పది నిమిషాలకే మళ్లీ వేసినప్పుడు నీళ్లు వెంటనే రావాలి. ఖాళీ పైపు నిండుతున్నట్టు ముందు గాలి తన్ని, ఆ తర్వాత నీళ్లు వస్తుంటే పైపులో నీళ్లు నిలవట్లేదని అర్థం. పైపు కారుతూ ఉండాలి, లేదా పంపు మీది ఎన్ఆర్‌వీ (నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వు) పట్టు వదిలి ఉండాలి.

ఇవన్నీ అయ్యాకే మోటారు తీయించండి. తీసే రోజు ఇంట్లో మనిషి దగ్గరుండి ప్రతి పైపూ, ప్రతి కప్లింగూ, కేబుల్ జాయింట్లూ, తాడూ చూడాలి. మీ మోటారు ఎన్నేళ్లదో రాయలేదు. 2011 నాటిదే అయితే ఇంపెల్లర్లు అరిగి ఉండటానికి చాలా అవకాశం ఉంది. కొత్త ఇంపెల్లర్ అంచు పదునుగా ఉంటుంది, ఇసుక తిన్నది వేలితో తడిమితే గుండ్రంగా, పలచగా తెలుస్తుంది. జాలికి తెల్లటి సున్నపు పెచ్చు కట్టి ఉంటే నీళ్ల గట్టితనం, గోధుమరంగు జిగురు ఉంటే ఇనుము తినే సూక్ష్మజీవులు. ఆ జిగురైతే శుభ్రం చేసి, బోరులో క్లోరిన్ వేయించి, వాసన పోయేదాకా నీళ్లు బయటికి పోయించాలి.

మోటారు బయట ఉన్నప్పుడే బోరు లోతు మళ్లీ కొలిపించండి. 2011లో 420. ఇప్పుడు బరువు 340 దగ్గరే ఆగిపోతే 80 అడుగులు బురద పూడింది. మీ మోటారు 320లో ఉంది, అంటే బురదకు 20 అడుగుల దూరంలో నడుస్తోంది. అప్పుడు కంప్రెసర్ బండి పిలిచి ఫ్లషింగ్ చేయిస్తే, కింద ఏదైనా పగులు మూసుకుపోయి ఉంటే అది కూడా తెరుచుకోవచ్చు. కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే బోరులోకి కెమెరా దింపి చూపించేవాళ్లు ఇప్పుడు దొరుకుతున్నారు. కేసింగ్ పగిలిందా, మట్టి ఎక్కడి నుంచి దిగుతోంది, నీళ్లు ఏ అడుగులో పడుతున్నాయి, అన్నీ కళ్లారా కనిపిస్తాయి. వెయ్యి అడుగుల బోరు ఖర్చు ముందు అది ఏమంత కాదు.

ఇప్పుడు రెండో సంగతి, ఊట నిజంగానే తగ్గి ఉంటే. మీది గ్రానైట్ నేల. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి రాయి. నీళ్లు ఉండేది మొరంలోనూ, రాతి పగుళ్లలోనూ. మేము 'గ్యాప్ తగిలింది' అనేది ఆ పగుళ్లనే. బోరు వేసినప్పుడు మొదటి నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయో, రెండో గ్యాప్ ఎక్కడో నాన్నగారికి గుర్తుంటే అడగండి. ఆ రోజు అక్కడ నిలబడి చూసినవాళ్లు మర్చిపోరు. ఉదాహరణకు 170లో పెద్ద గ్యాప్, 310లో చిన్న గ్యాప్ తగిలాయనుకోండి. చుట్టుపక్కల బోర్లు పెరిగి నేలలో నీటి మట్టమే 170 కిందికి జారితే పెద్ద గ్యాప్ ఎండిపోతుంది, చిన్నదే మిగులుతుంది. అందుకే ఊట కొంచెం కొంచెంగా కాక, ఒక్క వేసవిలోనే పడిపోయినట్టు అనిపిస్తుంది. వానలు పడి మట్టం మళ్లీ 170 దాటితే ఆ గ్యాప్ తిరిగి పనిచేస్తుంది. మే నెలలో బోరు చూసి చచ్చిపోయిందని తీర్పు చెప్పకూడదు అనేది ఇందుకే. నవంబరులో అదే బోరు చూడాలి.

ఊట తగ్గినప్పుడు ఎక్కువమంది చేసే పని మోటారును ఇంకా కిందికి దించడం. దీని మీద చాలా అపోహ ఉంది. మోటారు ఎక్కడ ఉందన్నది కాదు, నీటి మట్టం ఎక్కడ ఉందన్నదే ఎత్తాల్సిన ఎత్తు. మట్టం 150లో ఉంటే మోటారు 200లో ఉన్నా 380లో ఉన్నా ఎత్తేది 150 అడుగుల నుంచే. కిందికి దించితే లాభం ఒక్కటే, మట్టం ఇంకా కిందికి పోయినా అందుతుంది. కానీ 350 నుంచి ఎత్తాలంటే మీ పంపు స్టేజీలు (ఒకదాని మీద ఒకటి ఉండే ఇంపెల్లర్ల వరసలు) సరిపోవాలి. 250 అడుగులకు సరిపడే పంపును తీసుకెళ్లి 380లో పెడితే, మట్టం 350కి దిగినప్పుడు అది తిరుగుతుంది, కరెంటు కాల్చుతుంది, నీళ్లు మాత్రం పైదాకా రావు. మీ ట్యాంకు కథ ఇది కూడా కావచ్చు. మోటారు బాగుంది, బోరు బాగుంది, మట్టం మాత్రం వంద అడుగులు దిగింది, పంపు అంత ఎత్తు లాగలేకపోతోంది. పంపు ప్లేటు ఫోటో పంపండి, దాని మీద హెడ్ (నీళ్లను ఎంత ఎత్తుకు ఎత్తగలదో) ఎంతో రాసి ఉంటుంది.

వెయ్యి అడుగుల మాటకు వస్తే, నేను వద్దనే చెప్తాను. గ్రానైట్‌లో లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతూ, బిగుసుకుపోతూ ఉంటాయి. పడితే పడొచ్చు, కానీ అది అదృష్టం మీద పందెం. పైగా మీది పాత నల్గొండ జిల్లా నేల, ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన లోతు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనేది మన దేశ ప్రమాణం. ఏ బోరు నీళ్లయినా పరీక్ష చేయించకుండా అమ్మానాన్నలను తాగనివ్వొద్దు. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా వస్తుంటే అదే వాడమనండి. కొత్త బోరు తప్పదనుకుంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకునే వేయించాలి. బండి అతను "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నా కాగితం మీ చేతిలో ఉండాలి.

అసలు మీ ఇంటికి ఎన్ని నీళ్లు కావాలో ఒకసారి లెక్క వేయండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క కడతారు. అమ్మానాన్నలకు, వచ్చేపోయేవాళ్లకు, నాలుగు మొక్కలకు కలిపి 600 లీటర్లు వేసుకుందాం. గంటకు వంద లీటర్లే ఊరే బోరు కూడా రోజుకు 2,400 లీటర్లు ఇస్తుంది. అంటే 'అయిపోయింది' అని వదిలేసే బోరు కూడా మీ ఇంటికి సరిపోతుంది, దాని ఊటకు తగ్గట్టు లాగాలి అంతే. రెండు గంటలు ఏకబిగిన వేసే బదులు, టైమర్ పెట్టి 15 నిమిషాలు వేయడం, రెండు గంటలు ఆపడం. నీళ్లు లేకపోతే తనంతట తానే ఆగిపోయే డ్రై రన్ ప్రొటెక్షన్ ప్యానెల్‌లో పెట్టించడం. వీలైతే కింద రెండు వేల లీటర్ల సంపు. నేను ఇలా నడిపిస్తున్న బోర్లు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లు మాటిమాటికీ లేచి మోటారు వేయక్కర్లేదు, అది ఇంకో సుఖం.

వాన నీళ్లు కూడా వదులుకోవద్దు. 150 గజాల డాబా అంటే 125 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఏడాదికి 750 మిల్లీమీటర్లు అనుకుని, అందులో ఐదో వంతు పోయిందనుకున్నా 75 వేల లీటర్లు మీ డాబా మీది నుంచే రోడ్డు మీదికి పోతున్నాయి. బోరుకు పది, పన్నెండు అడుగుల దూరంలో ఇంకుడు గుంత తీయించి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన దొడ్డు ఇసుక వేసి డాబా నీళ్లు అందులోకి తిప్పండి. కేసింగ్‌కు రంధ్రాలు చేసి నేరుగా బోరులోకే వదిలేవాళ్లు ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఒక్క వానకు మురికి దిగితే బోరు నీళ్లు మొత్తం పాడవుతాయి. బాత్రూమ్ నీళ్లు, వీధి నీళ్లు ఆ గుంత దరిదాపులకు రాకూడదు. ఒక్క ఇల్లు చేస్తే మట్టం ఆకాశానికి ఎగరదు, వీధిలో పది ఇళ్లు చేస్తే రెండు మూడు వానాకాలాల్లో తేడా తెలుస్తుంది.

ప్రస్తుతానికి నాన్నగారిని మూడు రోజులు కొలవమనండి. పొద్దున నీటి మట్టం, బకెట్ సెకన్లు నాలుగుసార్లు, ఆపాక మట్టం మూడుసార్లు, ప్యానెల్ ఫోటో, పంపు ప్లేటు ఫోటో. పక్కింటివాళ్ల బోరు నడుస్తున్నప్పుడు మీ మట్టం ఏమైనా దిగుతుందేమో కూడా ఒకసారి చూడమనండి. అవన్నీ ఇక్కడ పెట్టండి, మోటారు తీయాలో వద్దో, తీస్తే ఏం మార్చాలో అప్పుడు చెప్తాను.